పాటలో మారిన మాట

ఏసురత్నంగారి శవాన్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేలోపు ఆయన చనిపోయిన గదిని చూడాలని జకర్యా పొద్దున్నే బన్సీలాల్‌పేట చర్చికి వెళ్లాడు. సబ్ ఇన్‌స్పెక్టర్ పర్వతాలు అప్పటికే అక్కడ ఉన్నాడు. వెస్ట్రీ గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జకర్యాను చూసి లేవలేదు.

"జెర ఆలస్యంగ వచ్చిన్రు, జకర్యా సాబ్. కేసు నిన్ననే అయిపోయింది."

"అయిపోతే ఇంకా కాపలా ఎందుకు?"

పర్వతాలు కుర్చీని పక్కకు జరిపాడు.

జకర్యా రైల్వే పోలీసులో ఇన్‌స్పెక్టర్‌గా చేసి పదవీ విరమణ చేశాడు. భార్య పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక సొంతంగా దర్యాప్తులు చేయడం మొదలుపెట్టాడు. నిన్న సాయంత్రం ఏసురత్నంగారి కూతురు దేవకృప జకర్యా దగ్గరికి వచ్చింది. నర్సు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర కూడా మార్చుకోలేదు. తండ్రిని హార్మోనియంలు బాగుచేసే గౌస్ మియా చంపాడంటున్నారని, తాను నమ్మలేకపోతున్నానని చెప్పింది. ఆ హార్మోనియం పనివాడు తప్ప తన తండ్రికి ఈ ఊళ్లో స్నేహితుడే లేడంది. నువ్వు ఆయన్ని ఎప్పుడు చూశావమ్మా అని జకర్యా అడిగితే తల వంచుకుంది. పదేళ్లుగా ఆమె తండ్రితో మాట్లాడలేదట. తల్లి చనిపోయిన రోజు కూడా ఆయన పాదిరి దొర బంగళాలో ఒక పాట చరణం దగ్గర కూర్చున్నాడట. కబురు వెళ్లినా, ఆ చరణం అయ్యాకే లేచాడట.

ఏసురత్నంగారి పాటలు జకర్యాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సికింద్రాబాదులో ఆ చర్చికి వెళ్లే వాళ్లందరికీ తెలుసు. ఇంగ్లీషు కీర్తనల్ని తెలుగులోకి తెచ్చినవాడు ఆయనే. కాని కీర్తనల పుస్తకంలో ప్రతి పాట కిందా దొర పేరే ఉండేది. ఆయన దొరకు తెలుగు నేర్పే మున్షీగా కృష్ణా లంకల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దొర యుద్ధానికి ముందే ఇంగ్లండుకు వెళ్లి అక్కడే పోయాడు. ఏసురత్నంగారు మాత్రం చర్చి వెనకాల ఒంటిగదిలో మిగిలిపోయాడు. ప్రతి ఆదివారం వందమంది నోట ఆయన మాటలు వినిపించేవి. ఆ తర్వాత వందమందీ ఆయన గది ముందు నుంచే ఇళ్లకు వెళ్లిపోయేవారు.

జకర్యా వెస్ట్రీ లోపలికి వెళ్లాడు. పాదిరిగారు ఆరాధనకు ముందు అంగీ మార్చుకునే చిన్నగది అది. ఒక బల్ల, ఒక బెంచీ, గోడవారగా హార్మోనియం ఉన్నాయి. చర్చిలోకి వెళ్లే చోట ఒక రాతిమెట్టు ఉంది. దాని అంచున రక్తం ఎండిపోయి ఉంది. గురువారం పొద్దున చర్చి ఊడ్చడానికి వచ్చిన రోసమ్మ ఆయన్ని అక్కడే చూసింది.

శవం ఎలా పడి ఉందని జకర్యా అడిగాడు. వెల్లకిలా, కాళ్లు చాపి, తిన్నగా ఉందని పర్వతాలు చెప్పాడు. తల కింద హార్మోనియం మీద కప్పే పచ్చగుడ్డ మడిచి పెట్టి ఉందట. ఆ గుడ్డను మూలన ఉన్న సంచిలోంచి తీసి చూపించాడు. మడత మీద మడతగా లోపలి పొర వరకూ రక్తం ఇంకిపోయి, గుడ్డ అట్టలా బిగిసింది.

జకర్యా ఆ మడతల్ని ఒక్కొక్కటే విప్పి చూశాడు.

"దెబ్బ తగలగానే పోలేదు," అన్నాడు. "ఇంత రక్తం ఇంకాలంటే చాలాసేపు ప్రాణంతో ఉన్నాడు. తల కింద గుడ్డ పెట్టిన మనిషి ఆసుపత్రికి ఎందుకు పరుగెత్తలేదు? రోడ్డు దాటితే డాక్టరు ఉన్నాడు."

"భయపడ్డడు. ఆ మనిషి బయట ఉరికితె ఈ దినాలల్ల ఎవలు ఊకుంటరు?" అన్నాడు పర్వతాలు.

ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. పోలీస్ యాక్షన్ అయి నెల కూడా కాలేదు. నిజాం రాజ్యం కూలిపోయింది. వీధుల్లో మిలిటరీ లారీలు తిరుగుతున్నాయి. కొన్ని గల్లీల్లో ముస్లిముల ఇళ్లకు బయట నుంచి తాళాలు కనిపిస్తున్నాయి. పాతకక్షలు ఉన్నవాళ్లూ, ఏ కక్షా లేనివాళ్లూ కూడా కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. అలాంటప్పుడు బెంచీ కింద గౌస్ మియా చిన్న ఉలి దొరికింది. బుధవారం ఆయన చర్చిలోకి వెళ్లడం చూసినవాళ్లూ ఉన్నారు. ఊరికి అంతకంటే ఏం కావాలి?

హార్మోనియం మూతపెట్టి, గాలి తిత్తికి కొక్కెం కూడా వేసి ఉంది. అంత జాగ్రత్తగా మూసేది పనితనం తెలిసినవాడే అని పర్వతాలు వాదించాడు. జకర్యా కాదనలేదు. ఏసురత్నంగారి ఎడమ చేతి సంగతి తెలుసా అని మాత్రం అడిగాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా ఆ చెయ్యి పనిచేయడం లేదు. కుడిచేత్తో హార్మోనియం మెట్లు నొక్కగలడు గాని, తిత్తి ఊదడానికి పక్కన ఇంకొక మనిషి ఉండాలి.

తర్వాత జకర్యా రోసమ్మను పిలిపించి అడిగాడు. బుధవారం మధ్యాహ్నం ఉతికిన బట్టలు ఆరేస్తుంటే గౌస్ మియా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోవడం చూశానంది. బట్టలు ఆరి తీసుకుంటున్నప్పుడు మళ్లీ హార్మోనియం మోగిందట. ఇద్దరి గొంతులు వినబడ్డాయట. ఆ గొంతులు పెద్దగా లేచి, హఠాత్తుగా ఆగిపోయాయట. కాసేపటికి హార్మోనియం బాజా ఒక్కటే, చాలా మెల్లగా మోగిందట.

"పాట కడ్తున్నరనుకున్న, అయ్యా," అంది. "ముసలాయనకు అంతకంటె ఏం పనుంటది? నేను పోయి తొంగి సుత చూడలే." ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రెండోవాడు వెనక దారిన తిరిగొచ్చిన గౌస్ మియానే అన్నాడు పర్వతాలు. దానికి సాక్ష్యం ఏదని జకర్యా అడిగాడు. లేదు. ముందు వచ్చి వెళ్లినవాడిని పట్టుకుని రెండోవాడిని వదిలేస్తే అది దర్యాప్తు కాదని జకర్యా అన్నాడు. పర్వతాలు ముఖం ఎర్రబడింది. రైల్లో జేబుదొంగల్ని పట్టుకున్నంత సులువు కాదని, ఇప్పుడు ఊరు ఎలా ఉందో ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలియదని అన్నాడు. అయినా గౌస్ మియాను చూడడానికి ఒప్పుకున్నాడు.

స్టేషన్లో గౌస్ మియా లాకప్ మూలన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన్ని కొట్టిన గుర్తులు ఏమీ లేవు. ముందు ఓ చాయ్ కప్పు ఉంది, అందులో చాయ్ తాగకుండా చల్లారిపోయింది. జకర్యా ఎవరో, ఎందుకు వచ్చాడో చెప్పినా ఆయన ముఖంలో ఆశ కనిపించలేదు.

"నన్ను ఇడిసినా, ఉరి తీసినా ఒక్కటే, సాబ్," అన్నాడు. "ఏసురత్నం భాయ్ లేడు. ఇంక నా దుకాణంకు ఎవలొస్తరు?"

జకర్యా నేల మీద కూర్చుని బుధవారం సంగతి మెల్లగా రాబట్టాడు. హార్మోనియంలో ఒక రీడు గరగరమంటోందంటే బాగుచేయడానికి వెళ్లాడట. ఏసురత్నంగారు ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాడట. ఎన్నో ఏళ్లుగా ఒక పాటలో ఒక మాట ఆయన్ని తిననీయలేదు, నిద్రపోనీయలేదు. దొర పట్టుబట్టి పెట్టించిన పెద్దమాట అది. పాడేటప్పుడు ఆ మాట మధ్యలో ఊపిరి తీసుకోవాలి. అందరూ దాన్ని రెండు ముక్కలు చేసి పాడేవారు. ఆ రోజు దానికి బదులు మాట దొరికిందట. తిత్తి ఊదమని గౌస్ మియాను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చరణమే మళ్లీ మళ్లీ పాడాడట.

ఏ పాట అని జకర్యా అడిగాడు. గౌస్ మియాకు తెలుగు చదవడం రాదు. కళ్లు మూసుకుని, గొంతు బాగా తగ్గించి పాడాడు.

"దరి కానరాని నీట పోవు వేళ, నీవె నా సరంగు ప్రభూ."

జకర్యా ఆ పాటను చిన్నప్పుడు తల్లి పక్కన నిలబడి పాడాడు. భార్య సమాధి దగ్గర కూడా పాడాడు. పుస్తకంలో ఉన్నది వేరు. 'దరి కానరాని నీట పోవు వేళ, కర్ణధారివీవె ప్రభూ' అని ఉంటుంది. కర్ణధారి అంటే ఓడకు చుక్కాని పట్టేవాడు. 'కర్ణ' దగ్గర ఊపిరి తెగుతుంది, 'ధారి' తర్వాతి ఊపిరిలో వస్తుంది. చిన్నప్పుడు కర్ణుడికి ఈ పాటలో ఏం పని అని అనుకునేవాడు.

"సరంగంటె ఏంది భాయ్ అని అడిగిన," అన్నాడు గౌస్ మియా. "మా నాయనే సరంగు అన్నడు. కాలువల పడవ నడిపేటోడంట. పోరగాడప్పుడు ఈయన పడవల పండుకుంటె, నాయన పొద్దు పొడిచేదాంక మేలుకొని ఉండెనంట. గా మాట చెప్పి ఏడ్చిండు, నవ్విండు."

ఆ మాట గురించి ఇంకెవరికైనా చెప్పాడా అని జకర్యా అడిగాడు. లేదట. అది అప్పుడే దొరికిందట. ఆదివారం అందరి ముందు పాడతానని, అంతవరకు నీ దగ్గరే ఉంచమని గౌస్ మియాతో నవ్వుతూ అన్నాడట. గౌస్ మియా కూడా ఎవరికీ చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున పోలీసులు వచ్చి గౌస్ మియాను తీసుకొచ్చారు. అప్పటి నుంచి ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

జకర్యా మళ్లీ చర్చికి వచ్చేసరికి గాయక బృంద నాయకుడు ఆర్థర్ సమాధి ఆరాధనకు పాటలు ఎంచుతున్నాడు. ఆర్థర్ బడిలో టీచరు. నలభై దాటినవాడు. మంచి గొంతు, ఇస్త్రీ చెదరని కోటు. ఏసురత్నంగారిని తండ్రిలా చూసుకున్నానని చెప్పాడు. చివరిసారి ఎప్పుడు చూశారంటే ఆదివారం ఆరాధన అయ్యాక అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు, ఆయన గురించి వినలేదట. బుధవారం సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడట. ఒంటరివాడు, సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. ఆ మాట తనే ముందుగా ఒప్పుకున్నాడు.

కొత్త కీర్తనల పుస్తకం అచ్చవుతోందని జకర్యా విన్నాడు. దాని సంగతి అడిగాడు. అచ్చుపని ఆర్థరే చూస్తున్నాడు. అందులో ఏసురత్నంగారి పాటల కింద ఎవరి పేరు వేస్తున్నారని అడిగితే ఆర్థర్ ఏమాత్రం తడబడలేదు.

"అనువాదం దొరగారిది, సవరణ నాది. ఏసురత్నంగారు సాయం చేశారు. ఆయన ఎన్నడూ పేరు అడగలేదండీ, కావాలంటే పాదిరిగారిని కనుక్కోండి."

పాదిరిగారూ అదే చెప్పాడు. ఆయన ఎన్నడూ అడగలేదు.

మధ్యాహ్నం శవపేటికను సమాధుల తోటకు తీసుకెళ్లారు. కర్ఫ్యూ భయానికి జనం తక్కువగా వచ్చారు. వచ్చినవాళ్లు కూడా దూరదూరంగా నిలబడ్డారు. దేవకృప పేటిక దగ్గరికి రాకుండా గోడ పక్కనే ఆగిపోయింది. పర్వతాలు టోపీ తీసి గేటు దగ్గర నిలబడ్డాడు. జకర్యా ఆయన పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

పాదిరిగారు ప్రార్థన ముగించి ఆర్థర్‌కు సైగ చేశాడు. ఆర్థర్ ఆ పాటే ఎత్తుకున్నాడు. ఏసురత్నంగారి పాటల్లో సమాధి దగ్గర పాడేది అదొక్కటే. వెంట బృందం అందుకుంది. మొదటి చరణం సాఫీగా నడిచింది. రెండో చరణంలో దరి కానరాని నీరు వచ్చింది. అందరూ అలవాటుగా 'కర్ణ' అని ఊపిరి తీసుకున్నారు. అందరి మీదా లేచిన ఒక గొంతు మాత్రం ఆగలేదు. మాట విరగకుండా, సాగాల్సిన చోట నిండుగా సాగుతూ వెళ్లింది.

నీవె నా సరంగు ప్రభూ.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తికమకపడి ఆర్థర్ వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నాడు. తాను వేరే మాట పాడినట్టు ఆయనకు తెలియనే లేదు.

జకర్యా పర్వతాలు మోచేయి పట్టుకుని గేటు బయటికి తీసుకెళ్లి సంగతంతా చెప్పాడు. ఆ మాట బుధవారం మధ్యాహ్నం పుట్టింది. దాన్ని విన్న గౌస్ మియా లాకప్‌లో ఉన్నాడు. చెప్పినవాడు పేటికలో ఉన్నాడు. ఆదివారం నుంచి ఏసురత్నంగారిని చూడలేదన్న మనిషి నోటికి అది ఎలా వచ్చింది?

"గౌస్ మియా చంపలేదని నాకు సుత నిన్న పొద్దుగూకినప్పుడే తెలుసు," అన్నాడు పర్వతాలు. "ఆయన గల్లీల ఒక్క ఇల్లు తెరిచి లేదు, సాబ్. ఆయన కోసం కర్రలు పట్టుకొని నిలబడ్డోళ్లను నేను చూసిన. ఇడిసిపెడితె యాడికి పోతడు? కేసు ఇంకా రాయలే. నోటితోనే అన్న."

"మీరు నోటితో అన్నదే ఊరంతా నమ్మింది. ఆ కర్రలకు ఇప్పుడు ఒక కారణం దొరికింది. అసలువాడు మాత్రం చనిపోయినాయన పాట పాడుతున్నాడు."

పర్వతాలు టోపీ పెట్టుకున్నాడు. ఆర్థర్‌ను మాట్లాడించమని, తాను పక్కనే ఉండి వింటానని అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక ఆర్థర్‌ను వెస్ట్రీకి తీసుకొచ్చారు. పర్వతాలు తలుపు దగ్గర నిలబడ్డాడు. జకర్యా హార్మోనియం ముందు బెంచీ మీద కూర్చుని, ఇందాకటి రెండో చరణం మళ్లీ ఒకసారి పాడమన్నాడు. ఎందుకో ఆర్థర్‌కు అర్థం కాలేదు. అయినా సన్నగా మొదలుపెట్టాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే పాడాడు. ఈసారి తన గొంతు తానే విన్నాడు. పాట అక్కడే ఆగిపోయింది.

ఆర్థర్ బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. ఆ తర్వాత జకర్యా పెద్దగా ఏమీ అడగక్కర్లేకపోయింది.

బుధవారం ఏదో కాగితం కోసం వెస్ట్రీకి వచ్చాడట. ఏసురత్నంగారు ఆయన్ని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడట. ఆదివారం దాకా ఆగలేకపోయాడు. తిత్తి ఊదమని, ఆ చరణం పాడి వినిపించాడు. పేరు గురించి ఆ రోజూ అడగలేదు. ఆ ఒక్క మాట మార్చి అచ్చువేయమని మాత్రం బతిమాలాడు. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయిందని ఆర్థర్ చెప్పాడు. దేవుణ్ని పడవవాడనడం నీచంగా ఉంటుందని కూడా అన్నాడు. అది తన తండ్రి పని అని ముసలాయనకు కోపం వచ్చింది. అయితే ఆదివారం నేనే లేచి పాడతాను, ఈ పాటలు ఎవరివో కూడా అందరికీ చెబుతాను అన్నాడు. చర్చి వైపు నడవబోయాడు. ఆర్థర్ ఆయన భుజం పట్టి వెనక్కి లాగాడు. పనిచేయని చెయ్యి ఆసరా ఇవ్వలేదు. ఆయన మెట్టు మీద పడ్డాడు.

"చంపాలనుకోలేదండీ," అన్నాడు ఆర్థర్. "గుడ్డ పెట్టాను. ఆయన మాట్లాడాడు కూడా."

"ఏమన్నాడు?"

"డాక్టర్ని పిలవమన్నాడు. మనిషిని పంపానని చెప్పాను."

"పంపావా?"

ఆర్థర్ తల అడ్డంగా ఊపాడు. పంపితే బతికేవాడు. బతికితే ఆదివారం వచ్చేది. ఏసురత్నంగారు ఆ అబద్ధాన్ని నమ్మాడు. డాక్టరు వచ్చేలోపు ఆ చరణం వాయించమని అడిగాడు. ఆర్థర్ వాయించాడు. ముసలాయన నేల మీద నుంచే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ సాగదీయాలో చెబుతూ వచ్చాడు. ఒకసారి ఆర్థర్ తప్పు పాడితే దిద్దాడు. మధ్యమధ్య తలుపు వైపు చూసి, ఇంకా రాలేదా అని అడిగాడు. వస్తున్నారని ఆర్థర్ చెప్పాడు. వెలుతురు తగ్గే వేళకు ఆ అడగడం కూడా ఆగిపోయింది. ఆర్థర్ హార్మోనియం మూసి, కొక్కెం వేసి ఇంటికి వెళ్లిపోయాడు.

పర్వతాలు ఆర్థర్ చేతికి బేడీ వేస్తూ, జకర్యా ముఖంలోకి చూడకుండానే మాట ఇచ్చాడు. గౌస్ మియా నిర్దోషి అని ఆయన గల్లీ మొదట్లో నిలబడి తానే నోటితో చెబుతానన్నాడు. వెలుతురు ఉండగానే ఆయన్ని తన వెంట తీసుకెళ్లి దుకాణం తెరిపిస్తానన్నాడు. పరిస్థితి కుదుటపడేదాకా అక్కడ ఒక జవాన్ని ఉంచుతానన్నాడు.

జకర్యా బయటికి వచ్చేసరికి చర్చి మెట్ల మీద దేవకృప కూర్చుని ఉంది. బేడీలతో వెళుతున్న ఆర్థర్‌ను చూసింది. లేవలేదు. ఎందుకు చంపాడని అడగలేదు. తల్లి సంగతి గుర్తుంచుకుని పదేళ్లు తండ్రి గడప తొక్కని మనిషి ఆమె. కళ్లు వాచి ఉన్నాయి.

"పోయేటప్పుడు నాన్న దగ్గర ఎవరైనా ఉన్నారా, జకర్యాగారూ?" అంది. "ఒక్కడే పోయాడేమోనని రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను."

ఉన్నారు అన్నది నిజమే. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఈ రాత్రికి ఆమె నిద్రపోతుంది. కాని రేపో మాపో కోర్టులో మిగతాదంతా వినాలి. పరాయివాళ్ల నోటి నుంచి, పరాయివాళ్ల మధ్య కూర్చుని వినాలి.

జకర్యా ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఉన్నాడమ్మా," అన్నాడు. "ఆఖరిదాకా ఉన్నాడు."

ఆమె ముఖంలో బిగువు సడలడం ఆయన చూశాడు. ఒక్క క్షణం ఆమెను అలాగే ఉండనిచ్చాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, ఏసురత్నంగారు ఏ డాక్టరు కోసం ఎదురుచూస్తూ పోయాడో చెప్పడం మొదలుపెట్టాడు.